నులక మంచం విప్పి చూస్తే...

ఓ చిన్న పొడుపు కథతో మొదలుపెడదాం. పగలు సోఫా, రాత్రి బెడ్డు. ఎండాకాలంలో వడియాలు ఎండే చోటు, చలికాలంలో ఎండ కాగే అరుగు. నిలబెడితే స్నానానికి చాటు, ఎత్తుకుంటే అంబులెన్స్. నాలుగు కోళ్ళుంటాయి, ఒక్కటీ కూయదు. మేకు ఒక్కటీ ఉండదు, అయినా ఊడిపోదు. ఏంటది?

నులక మంచం.

'కోళ్ళు' దగ్గరే దొరికిపోయింది అంటారా? అయితే మీరు పల్లెటూరి గాలి పీల్చినవాళ్ళే. మంచం కాలిని 'కోడు' అంటారనీ, నాలుగూ కలిస్తే 'కోళ్ళు' అవుతాయనీ మా టీమ్‌లో పదకొండు మందిని అడిగితే ఇద్దరికే తెలుసు. మిగతావాళ్ళు నులక మంచాన్ని చూసింది హైవే పక్కన 'పల్లె రుచులు' హోటళ్ళలోనే. అక్కడ దాని మీద కూర్చుని సెల్ఫీ దిగడం, స్టేటస్‌లో పెట్టుకోవడం, అంతే.

మనం ఇప్పుడు టూ బీహెచ్‌కే ఫ్లాట్ల కాలంలో ఉన్నాం. చదరపు అడుక్కి లెక్కగట్టి కొనుక్కున్న ఇంట్లో ఒక్క వస్తువు నాలుగు పనులు చేస్తే బాగుండు అనుకుంటాం. అందుకే సోఫా కమ్ బెడ్, గోడకి మడిచిపెట్టే టేబుల్, కింద డ్రాయర్లున్న మంచం... ఇలాంటివన్నీ ఈఎంఐల మీద కొంటాం. మూడేళ్ళు తిరక్కుండానే వాటి కీళ్ళు కిర్రుమంటాయి. స్పేర్ పార్టు దొరకదు. బయట పడేస్తే పట్టుకెళ్ళేవాడు కూడా డబ్బులడుగుతాడు.

మా ఇంట్లో ఉన్న నులక మంచం మా ముత్తాత చేయించింది. తాతయ్య దాని మీదే పెరిగాడు, నాన్న దాని మీదే పెరిగాడు, చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నేనూ దాని మీదే పడుకున్నా. నాలుగు తరాలు. అది అంతకాలం ఎలా నిలబడిందో ఈమధ్యే, దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ అల్లినప్పుడు తెలిసింది.

ఒక్క మంచం... ఎన్ని పనులో

ముందు దాని బయోడేటా చూద్దాం. తెలుగు పల్లెల్లో నులక మంచం లేని ఇల్లు ఒకప్పుడు దాదాపు ఉండేది కాదు. ఎవరైనా ఇంటికొస్తే 'కూర్చోండి' అనేకంటే ముందు 'మంచం వాల్చరా' అని కేక వినిపించేది. మంచాన్ని 'వేయడం' కాదు, 'వాల్చడం'. ఎందుకంటే పగలంతా అది గోడకి నిలబెట్టి ఉంటుంది. ఎవరన్నా వస్తేనే నేలకి వాలుతుంది. ఇప్పటి భాషలో చెప్పాలంటే స్పేస్ సేవింగ్ ఫర్నిచర్.

పొద్దున్నే దాని మీద పాత చీర పరిస్తే వడియాలు, ఒరుగులు ఎండేవి. పైన ఎండ, కింద గాలి. అల్లిక సందుల్లోంచి గాలాడుతుంది కాబట్టి అడుగు భాగం కూడా త్వరగా ఆరిపోతుంది. అదే నేల మీదైతే చీమలు, కోళ్ళు (ఈసారి కూసేవి), దుమ్ము... అన్నీ సమస్యలే.

వేరుశనగ పీకిన రోజుల్లో మొక్కల్ని కట్టలుగా పట్టుకుని మంచం పట్టెకేసి కొడితే కాయలు రాలి కింద పడేవి. నిలబెట్టి మీద దుప్పటి కప్పితే ఆడవాళ్ళ స్నానానికి చాటు. తిరగేస్తే పిల్లలకి బస్సు. నాలుగు కోళ్ళ మధ్య కూర్చుని 'రైట్ రైట్' అంటే చాలు, బస్సు కదిలినట్టే.

ఆ సందులకి అసలైన ఉపయోగం మాత్రం బాలింతల దగ్గర చూడాలి. పురుడు పోసుకున్న ఆడపిల్లకి తలంటు పోశాక నులక మంచం మీద పడుకోబెట్టి, కింద కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి వేసేవాళ్ళు. పొగ అల్లికలోంచి మెల్లగా పైకొచ్చి తడి జుట్టుని ఆరబెట్టేది. పరుపు మంచం మీద ఈ పని కుదరదు.

అటు చివరి రోజుల్లోనూ ఇదే తోడు. 'మంచాన పడ్డాడు', 'మంచం పట్టాడు' అంటే ఆరోగ్యం చెడిందని అర్థం. ఇక ప్రాణం పోతుందనగా చాలా ఇళ్ళల్లో మనిషిని మంచం మీద నుంచి కిందికి దించుతారు. మంచం మీద ప్రాణం పోకూడదని పెద్దవాళ్ళ నమ్మకం. పుట్టిన బిడ్డని మోసిన మంచమే పోయే మనిషినీ చివరి గడియ దాకా మోస్తుందన్నమాట.

అంబులెన్స్ అన్న మాట సరదాకి చెప్పింది కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో, తెలంగాణ ఏజెన్సీ గూడేల్లో, రోడ్డు లేని చోట గర్భిణుల్ని, జబ్బు పడ్డవాళ్ళని డోలీ కట్టో, మంచం మీద పెట్టో కిలోమీటర్ల కొద్దీ మోసుకొస్తున్న వార్తలు మనం ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. మంచం గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుండాలి. అక్కడ అది జ్ఞాపకం కాదు, వేరే దారి లేకపోవడం.

మేకు లేని ఇంజినీరింగ్

నేను చదివింది ఇంజినీరింగే అయినా చేసేది కోడింగ్. చెక్కపని గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ మంచం విప్పినప్పుడు చూసిన డిజైన్ నన్ను రెండ్రోజులు కుదురుగా ఉండనివ్వలేదు.

మొత్తం ఎనిమిది ముక్కలు. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు. పొడుగు పట్టెలు రెండు, పొట్టి పట్టెలు రెండు. ఒక్కో కోడుకి పైభాగంలో రెండు బెజ్జాలు ఉంటాయి. ఆ బెజ్జాల్లో పట్టెల కొసలు దూరతాయి. మేకుల్లేవు, స్క్రూల్లేవు, జిగురు లేదు. తాడు విప్పేసి నాలుగు దెబ్బలు కొడితే ఎనిమిది ముక్కలూ విడివిడిగా వచ్చేస్తాయి.

మరి మనిషి కూర్చుంటే ఎందుకు ఊడదు? అక్కడే ఉంది కిటుకు. నులకని బిగించి అల్లినప్పుడు అది నాలుగు పట్టెల్నీ లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకి పట్టెల కొసలు కోళ్ళలోకి ఇంకా గట్టిగా దిగుతాయి. మనిషి కూర్చుంటే తాడు మరింత లాగుతుంది, కీలు మరింత బిగుసుకుంటుంది. అంటే బరువు పడేకొద్దీ మంచం గట్టిపడుతుంది. మనం కొనే ఫర్నిచర్‌ది సరిగ్గా దీనికి వ్యతిరేకం, బరువు పడేకొద్దీ స్క్రూలు వదులవుతాయి.

అల్లిక నేరుగా ఉండదు, ఐమూలగా ఉంటుంది. ఒక మూల నుంచి ఎదుటి మూల వైపు పోగులు పోతాయి, వాటిని అడ్డంగా దాటుతూ ఇంకో వరస పోగులు. అందువల్ల మధ్యలో కూర్చున్న మనిషి బరువు ఏ ఒక్క పట్టె మీదా పడకుండా నాలుగింటికీ పంచుకుపోతుంది.

ఇంకో సంగతి గమనించారా? నులక అల్లిక మంచం మొత్తం పొడుగునా ఉండదు. కాళ్ళ వైపు అడుగున్నరో, ఎంతో, ఖాళీ వదిలేస్తారు. అక్కడ అడ్డంగా ఒక లావు తాడు కట్టి, అల్లిక అంతా దానికి ముగిస్తారు. ఆ తాడుకీ కాళ్ళవైపు పట్టెకీ మధ్య ఇంకో తాడుని అటూ ఇటూ తిప్పి బిగిస్తారు, బూటు లేసులాగా. చిన్నప్పుడు నేను అది 'అల్లిక సరిపోక వదిలేసిన చోటు' అనుకునేవాణ్ణి. నిజానికి మంచానికి ప్రాణం ఆ చోటే. తాడన్నాక వాడేకొద్దీ సాగుతుంది. మంచం మధ్యలో గుంట పడి 'కుక్కి మంచం' అవుతుంది. అప్పుడు మొత్తం విప్పక్కర్లేదు. ఆ లేసుని కాస్త లాగి బిగిస్తే చాలు, మళ్ళీ కొత్త మంచమే.

ఆలోచించండి. వస్తువు పాడవుతుందని ముందే ఒప్పుకుని, దాన్ని బాగుచేసుకునే చోటుని డిజైన్‌లోనే పెట్టారు. కొన్నాళ్ళకి లేసు బిగించాలి. కొన్నేళ్ళకి నులక మార్చాలి. ఎప్పుడో ఓ పట్టె విరిగితే ఆ ఒక్కటే చేయించుకోవాలి. మా మంచానికి ఒక పొడుగు పట్టె నాన్న చిన్నప్పుడు మార్చిందట. నులక ఎన్నిసార్లు మారిందో లెక్కే లేదు. కోళ్ళు మాత్రం అవే, చేను గట్టు మీద కొట్టిన నల్లతుమ్మవి.

నులక కూడా ఊళ్ళో దొరికే వాటితోనే తయారయ్యేది. జనుము పండే చోట జనపనార, గోగు పండే చోట గోగునార, కోనసీమ వైపు కొబ్బరి పీచు. నారని నులిమి పేనిన సన్న తాడే నులక. వెడల్పుగా నేసిన నూలు పట్టీ అయితే నవారు. పట్టెలు వెడల్పుగా ఉండే పట్టె మంచాలకి, కాస్త కలిగిన వాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువగా నవారు అల్లేవాళ్ళు. ఇప్పుడు రెండింటి స్థానంలోకీ ప్లాస్టిక్ నవారు, నైలాన్ తాడు వచ్చాయి. చెక్క చోటులోకి ఇనుప గొట్టాలు వచ్చాయి. వానకి తడిసినా పాడవ్వవు, నిజమే. కానీ మే నెల మధ్యాహ్నం ప్లాస్టిక్ నవారు మీద చొక్కా లేకుండా పడుకుని చూడండి, తేడా ఒంటికే తెలుస్తుంది.

ఇబ్న్ బతూతా నుంచి ఆస్ట్రేలియా దాకా

తాళ్ళ మంచం మన ఒక్కరి సొత్తు కాదు. ఉత్తరాదిన చార్‌పాయ్ అంటారు, 'నాలుగు కాళ్ళది' అని అర్థం. ఖాట్ అని కూడా అంటారు. ఆ ఖాట్‌ని తెల్లవాళ్ళు ఎత్తుకెళ్ళి 'కాట్' చేశారు. మనం స్టైల్‌గా 'సింగిల్ కాట్ కొన్నా' అంటుంటాం కదా, ఆ మాట ఇక్కడి నుంచి వెళ్ళి తిరిగొచ్చిందే.

14వ శతాబ్దంలో మొరాకో నుంచి మన దేశానికి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ మంచాన్ని చూసి ఆశ్చర్యపోయి తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. ఇక్కడి మంచాలు చాలా తేలిక, ఒక్క మనిషి మోసేయగలడు, ప్రయాణికులు ఎవరి మంచం వాళ్ళు వెంట తీసుకెళ్తారు (మోసేది మాత్రం బానిస), తాళ్ళ అల్లికే మెత్తగా ఉంటుంది కాబట్టి పైన ఇంకేమీ పరవక్కర్లేదు అన్నది ఆయన మాటల సారం. ఏడు వందల ఏళ్ళ కిందటి ప్రొడక్ట్ రివ్యూ అన్నమాట, ఫైవ్ స్టార్స్.

2017లో ఇంకో రివ్యూ వచ్చింది. ఆస్ట్రేలియాలో ఒకాయన ఇలాంటి మంచం తయారుచేసి 990 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. అంటే అప్పటి లెక్కలో మన యాభై వేల రూపాయలు. ఆ ప్రకటన ఫొటో మన సోషల్ మీడియాలో ఎంత తిరిగిందో, ఎన్ని మీమ్స్ వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. అందరం నవ్వుకున్నాం. నవ్వుకున్న మనలో ఎంతమంది ఇళ్ళల్లో అటక మీద అదే మంచం దుమ్ము కొట్టుకుని ఉందో మాత్రం ఎవరూ ట్వీట్ చేయలేదు.

ఎవరు కూర్చోవాలి, ఎవరు కూర్చోకూడదు

ఇక్కడిదాకా అంతా తీపే. చేదు కూడా చెప్పుకోవాలి. లేకపోతే ఇది హోటల్ సెల్ఫీ లాంటి కథే అవుతుంది.

మంచం ఎత్తు అడుగున్నర. ఆ అడుగున్నర చుట్టూ ఊళ్ళో ఎన్ని కట్టుబాట్లో. మామగారు ఎదురుగా ఉంటే కోడలు మంచం మీద కూర్చోకూడదు. మొగుడు మంచం మీద, పెళ్ళాం కింద చాప మీద. దళితులైతే పెత్తందారుల ముందు మంచం ఎక్కడం కాదు, తమ ఇంటి ముందు తమ సొంత మంచం మీద కూర్చుని ఉన్నా, వాళ్ళు అటుగా వస్తుంటే లేచి నిలబడాల్సిందే. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణ 1950లోనే నిషేధించింది. మంచం దగ్గరికొచ్చేసరికి ఆ అధికరణ చాలా ఊళ్ళల్లో చాలా ఆలస్యంగా చేరింది.

మా ఇల్లు వీటికి మినహాయింపేమీ కాదు. ప్రకాశం జిల్లాలో మాదో మామూలు రైతు కుటుంబం. మా నాయనమ్మ పదహారేళ్ళకి ఆ ఇంటి కోడలిగా వచ్చింది. మంచాన్ని పొద్దున్నే ఎత్తి గోడకి పెట్టింది ఆవిడే, సాయంత్రం వాల్చింది ఆవిడే, నల్లులు పడితే ఎండలో వేసి కీళ్ళల్లో సలసలా కాగే నీళ్ళు పోసింది ఆవిడే, పదిహేను రోజులకోసారి లేసు బిగించింది ఆవిడే. దాని మీద తను పడుకుంది మాత్రం మూడు పురుళ్ళకి, సాంబ్రాణి పొగ కోసం. మామగారు పోయాకే మామూలుగా కూర్చోవడం అలవాటైందట.

"అప్పుడు నీకు కోపం రాలేదా నాయనమ్మా?" అని అడిగా.

"కోపం వచ్చే తీరికేదిరా? మంచం మీద కూర్చుంటే పొయ్యి ఎవరు చూస్తారు?" అంది.

పంపకాల్లో లేని ఆస్తి

పోయినేడాది మా పెదనాన్న, నాన్న, బాబాయ్ ముగ్గురూ కూర్చుని పాత ఇల్లు పంచుకున్నారు. పొలం ఎకరాలుగా, స్థలం గజాలుగా, ఇత్తడి సామాను కేజీలుగా. కాగితం మీద అన్నీ ఎక్కాయి. అటక మీద ఉన్న మంచం ఎక్కలేదు. స్లాబు ఇల్లు కట్టి డబుల్ కాట్లు కొన్నప్పటి నుంచి అది అక్కడే ఉంది. నులక చివికి ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఎవరి వాటాలోనూ లేదు, ఎవరూ అడగలేదు.

అప్పుడే పాత సామాన్లు కొనేవాళ్ళొచ్చారు. మీ ఊళ్ళోనూ తిరుగుతుంటారు, ట్రాలీ ఆటోలో. పాత తలుపులు, స్తంభాలు, భోషాణాలు, మంచం కోళ్ళు కొంటారు. సిటీలో కోళ్ళకి పాలిష్ పెట్టి స్టూళ్ళకీ, టీపాయ్‌లకీ కాళ్ళుగా వేస్తారు. మా మంచం చూసి, "కోళ్ళు నాలుగూ ఇవ్వండి, రెండు వేల ఐదొందలు. పట్టెలు మాకొద్దు" అన్నారు. బాబాయ్ ఇచ్చేద్దామన్నాడు. తప్పేముంది, పదిహేనేళ్ళుగా ఎవరూ వాడనిది.

నాయనమ్మకి ఎనభై దాటాయి. పంపకాలు జరిగినంతసేపూ ఒక్క మాట మాట్లాడని మనిషి, వరండాలోంచి అంది: "కోళ్ళు అమ్మితే పట్టెలేం చేస్తార్రా? పొయ్యిలో పెడతారా? అమ్మితే మంచం అమ్మండి, ముక్కలమ్మకండి."

ఆటో వెళ్ళిపోయింది. 'మంచం నేను తీసుకుంటా' అని నేనన్నా. సరే, కానీ అల్లేదెవరు? అసలు కథ అక్కడ మొదలైంది.

లెక్క ఒకరిది, బిగువు ఇంకొకరిది

నాయనమ్మకి అల్లిక వచ్చనే అందరం అనుకున్నాం. ఆవిడా అలానే అనుకుంది. ఒంగోలు నుంచి కొత్త నులక తెప్పించాం, ఐదు కేజీలకి పైనే పట్టింది. నీళ్ళల్లో నానబెట్టి ఉండలు చుట్టాం. పెరట్లో చింతచెట్టు కింద ఎనిమిది ముక్కలూ బిగించి, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నేనూ మా బాబాయ్ కూతురూ చెరోవైపు కూర్చున్నాం. మొదటి నాలుగు పోగులు వేశాక నాయనమ్మ ఆగిపోయింది.

నులక అల్లడం ఇద్దరు చేసే పని. ఒకరు పోగులు లెక్కపెట్టి, ఎన్నింటి పైనుంచి పోవాలో, ఎన్నింటి కిందనుంచి రావాలో చూసి ఉండని దూరుస్తారు. రెండోవాళ్ళు అవతలి వైపు అందుకుని, పట్టెకి చుట్టి, మడమతో తొక్కిపట్టి బిగువు వదలకుండా లాగుతారు. మా ఇంట్లో యాభై ఏళ్ళ పాటు లెక్కపెట్టింది తాతయ్య. అవతలి వైపు కూర్చుని లాగింది నాయనమ్మ.

"లెక్క మీ తాతది. బిగువు నాది. అటు ఆయన ఏం చేసేవాడో నేనెప్పుడూ చూడలేదు, ఇటు నా తాడు చూసుకోవడమే సరిపోయేది" అంది.

తాతయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ అల్లికలో సగం ఆయనతోనే పోయింది. పొలం కాగితాలు ఉన్నాయి, ఇంటి దస్తావేజులు ఉన్నాయి. 'రెండు పైకి, రెండు కిందికి' అన్న లెక్క మాత్రం ఎక్కడా రాసి లేదు.

నేను ఫోన్ తీసి యూట్యూబ్‌లో వెతికా. పంజాబీ వీడియోలు, రాజస్థానీ వీడియోలు బోలెడున్నాయి, అద్భుతమైన డిజైన్లతో. కానీ నాయనమ్మ చూసి "ఇది మన మంచం కాదురా" అంది. ఆవిడ చేతులకి గుర్తున్న బిగువు మా ఊరి అల్లికది.

చివరికి ఊళ్ళో ఒకప్పుడు ఇంటింటికీ మంచాలల్లిన పెద్దాయన్ని వెతికి పట్టుకున్నాం. డెబ్బై అయిదేళ్ళుంటాయి. ఊరి చివర ఎస్సీ కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఏడాదికి సరిపడా గింజలకి ఊరంతటికీ అల్లిపెట్టేవాడట. చేయి పడక పన్నెండేళ్ళయిందన్నాడు. కూలి పదిహేను వందలన్నాడు, సరేనన్నాం.

వచ్చి మంచం చుట్టూ ఒకసారి తిరిగి, కోళ్ళు తట్టి చూసి, ఉండ అందుకున్నాడు. మొదటి పది నిమిషాలు తడుముకున్నాడు. తర్వాత వేళ్ళకి గుర్తొచ్చింది. ఆయన లెక్క చెబుతుంటే నేను దూర్చడం, అవతల మా చెల్లి లాగడం, నాయనమ్మ కుర్చీలోంచి ముందుకు వంగి పోగుల్ని వేలితో మీటి "ఇది చాల్లేదు, ఇంకో పట్టు" అనడం. వేలితో మీటితే వచ్చే చప్పుడుని బట్టి బిగువు చెప్పేస్తుంది. తంబూరా శ్రుతి చేసినట్టే. రెండు పూటలు పట్టింది. మొత్తం ఫోన్‌లో రికార్డు చేశాం, ఆయన చేతుల్ని ఒక ఫోన్‌లో, నాయనమ్మ మాటల్ని ఇంకో ఫోన్‌లో.

లేసు కూడా బిగించాక, ఆయన అలవాటుగా వెనక్కి జరిగి నేల మీద కూర్చోబోయాడు. నాయనమ్మ ఆపింది.

"అల్లినవాడివి నువ్వు. ముందు నువ్వే కూర్చుని చూడు, బిగువు సరిపోయిందో లేదో."

ఆయన ఒక్క క్షణం మా అందరి ముఖాలూ చూశాడు. మెల్లగా పట్టె పట్టుకుని కూర్చున్నాడు.

"ఈ ఊళ్ళో ఎన్ని వందల మంచాలల్లానో. ఇప్పుడు కూర్చోమంటున్నారమ్మా, మోకాళ్ళు వంగట్లేదు" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. మాలో ఎవరికీ నవ్వు రాలేదు. నాయనమ్మ లోపలికెళ్ళి కాఫీ పట్టుకొచ్చింది. ఇద్దరూ చాలాసేపు ఎవరెవరి ఇళ్ళల్లో ఏ మంచాలు ఉండేవో, అవేమయ్యాయో మాట్లాడుకున్నారు.

ఫ్లాట్‌లో ఎలా పెట్టాలి?

ఇక్కడ మీకు రావాల్సిన డౌట్: ఆరడుగుల మంచం మియాపూర్‌లో ఏడో అంతస్తుకి ఎలా చేరింది? లిఫ్టులో పట్టదు. మెట్ల మలుపు తిరగదు. ఎనిమిది ముక్కలుగా విప్పితే కారు వెనక సీట్లోనే వచ్చేస్తుంది. కానీ అల్లిక కూడా విప్పాల్సి వస్తుంది. అందుకే నేను, మా చెల్లి (తనూ హైదరాబాద్‌లోనే జాబ్) ఆ వీడియోలు చూసుకుంటూ బాల్కనీలో మళ్ళీ అల్లాం. రెండు వీకెండ్లు పట్టింది. నాయనమ్మ వీడియో కాల్‌లో ఉంది. "ఫోను దగ్గరికి పెట్టి మీటు, చప్పుడు వినపడాలి" అంటూ. సగానికి పైగా పోగులు ఆవిడ టెస్టింగ్‌లో ఫెయిలై మళ్ళీ లాగించాయి.

ఇప్పుడు అది పగలు నా వర్క్ ఫ్రం హోం సీటు. కరెంటు పోయిన రాత్రి బెడ్డు. మే నెలలో అమ్మ వస్తే వడియాల డాబా. ఫ్రెండ్స్ వస్తే నలుగురు పడతారు, సోఫాలో ముగ్గురే.

మీరూ తెచ్చుకోవాలనుకుంటే మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. నులకకి వాన శత్రువు, జల్లు పడే బాల్కనీ అయితే లోపలికి జరపండి లేదా గోడకి నిలబెట్టండి. రెండోది, నెలకోసారైనా గట్టి ఎండ చూపించండి. నల్లులు కోళ్ళ బెజ్జాల్లో, అల్లిక ముడుల్లో దాక్కుంటాయి. మా ఉద్యోగంలో బగ్స్ అనేవి మాటవరసకే, ఇవి నిజంగా కుడతాయి. పెద్దవాళ్ళు ఎండలో వేసి, కోళ్ళని నేలకేసి తట్టి, రాలినవాటి మీద వేడినీళ్ళు పోసేవాళ్ళు. ఇప్పటికీ అదే పద్ధతి. మూడోది, గుంట పడటం మొదలవ్వగానే లేసు బిగించండి. వదిలేసేకొద్దీ పోగులు ఒక్కచోటే అరిగి తెగుతాయి.

ఈ పండక్కి ఊరెళ్తే...

మా మంచం నులకకి, కూలికి కలిపి మూడు వేల లోపే అయింది. ఆన్‌లైన్‌లో కొత్తది కొన్నా కొన్ని వేలల్లో వచ్చేస్తుంది. కాబట్టి నేను చెప్పేది డబ్బుల లెక్క కాదు.

తాతలిచ్చిన వస్తువు అంటే చెక్క అనుకుంటాం. చెక్క ఎక్కడికీ పోదు, అటక మీద ఇంకో వందేళ్ళుంటుంది. పోయేది దాన్ని మళ్ళీ నిలబెట్టే పని. మా ఇంట్లో ఆ పని ఇద్దరు ముసలివాళ్ళ మధ్య సగం సగంగా మిగిలి ఉంది. అందులో ఒకరికి మేం ఏమీ కాము, పైగా ఆయన్ని మా మంచం మీద మేం ఎన్నడూ కూర్చోబెట్టలేదు. ఇంకో ఐదేళ్ళు ఆలస్యమైతే ఆ రెండు సగాలూ కలిసేవి కాదు.

ఈ దసరాకో సంక్రాంతికో ఊరెళ్ళినప్పుడు ఒకసారి అటక ఎక్కి చూడండి. మంచమే కానక్కర్లేదు. ఉట్టి కావచ్చు, చేట కావచ్చు, తాటాకు బుట్ట కావచ్చు. అది ఎవరు చేశారో, ఎవరు బాగుచేసేవాళ్ళో, వాళ్ళు ఉన్నారో లేదో అడగండి. ఉంటే, రీల్స్ కోసం కాదు, చేతులు దగ్గరగా కనిపించేలా మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి. ఇచ్చే కూలి బేరమాడకుండా ఇవ్వండి. వాళ్ళకి కూర్చోవడానికి ముందే ఏదైనా వాల్చండి.

మా పెద్దాయన మొన్న ఫోన్ చేశాడు. మా మంచం చూసి ఊళ్ళో ఇంకో రెండిళ్ళవాళ్ళు అటకల మీదివి దింపారట. ఒక్కడివల్లా కాదు, అవతలి వైపు లాగే మనిషి కావాలి, వచ్చే ఆదివారం మీ చెల్లిని పంపుతావా అని అడిగాడు. బస్సు టికెట్ బుక్ అయింది.